పారిస్‌లో మకాం, ఇంట్లో దిగులు: అపోహలు – వాస్తవాలు

2016 సెప్టెంబరులో నేను పారిస్‌కు చదువుకోవడానికి బయల్దేరేనాటికి మా ఇంట్లో ఎవరి నోటా ఐఫిల్ టవర్ మాట రాలేదు. వచ్చిందల్లా బటాక్లాన్, నీస్. అంతకు పది నెలల ముందు, 13 నవంబరు 2015 రాత్రి, పారిస్‌లోనూ దాన్ని ఆనుకుని ఉన్న సెయింట్ డెనిస్‌లోనూ జరిగిన దాడుల్లో 130 మంది చనిపోయారు. అందులో 90 మంది బటాక్లాన్ సంగీతశాలలోనే. ఆ ఏడాది జనవరిలో చార్లీ హెబ్డో పత్రిక ఆఫీసుతో మొదలై మూడు రోజుల్లో 17 మంది ప్రాణాలు పోయాయి. నేను టికెట్ కొన్న వారానికి, 14 జులై 2016న, నీస్‌లో సముద్రపు ఒడ్డున బాణసంచా చూస్తున్న జనం మీదికి లారీ తోలి 86 మందిని చంపారు. అమ్మ టీవీ కట్టేసి, "చదువుకోవడానికి నీకు ఇంకే ఊరూ దొరకలేదా నాన్నా?" అంది.

ఆ మాట అన్నది దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో కూర్చుని. 21 ఫిబ్రవరి 2013 సాయంత్రం సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలింది మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే. వారం తిరక్కుండా అమ్మ అదే రోడ్డు మీద కూరగాయలు బేరమాడింది. 2007 ఆగస్టులో బాంబు పేలిన కోఠీ గోకుల్ చాట్ దగ్గర తర్వాత మేమందరం నిలబడి కచోరీ తిన్నవాళ్లమే. అదేమిటమ్మా అంటే, "ఇది మన ఊరు కదరా" అంది. తెలిసిన ఊరైతే బాంబు ఒక రోజు సంగతి. తెలియని ఊరైతే ఆ ఊరి పేరే బాంబు.

ఆ తర్వాత పారిస్‌లో కొన్నేళ్లు ఉన్నాను. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు దెబ్బతినడం చూశాను. దెబ్బ తగిలింది మాత్రం ఇంట్లోవాళ్లు భయపడిన వైపు నుంచి కాదు. ఇప్పటికీ బంధువులూ జూనియర్లూ ఫోన్‌లో అడిగే ప్రశ్నల నుంచే ఈ అపోహలను ఏరాను.

అపోహ 1: అన్ని దాడులు జరిగిన ఊళ్లో బతుకు మామూలుగా సాగదు.

వాస్తవం: నవంబరు 13 శుక్రవారం. శనివారం స్కూళ్లు, మ్యూజియాలు మూసేశారు. సోమవారం స్కూళ్లు తెరిచి, మధ్యాహ్నం పన్నెండింటికి దేశమంతా ఒక నిమిషం మౌనం పాటించారు. కాల్పులు జరిగిన కేఫుల్లో 'లా బోన్ బియేర్' డిసెంబరు మొదటి వారంలోనే తలుపులు తీసింది. బటాక్లాన్ ఏడాది నిండడానికి ఒక రోజు ముందు, 12 నవంబరు 2016న, గాయకుడు స్టింగ్ కచేరీతో తెరుచుకుంది.

ఇది మరిచిపోవడం కాదు. ఆ కేఫుల దగ్గర చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన ఫలకాలు ఉన్నాయి. ఏటా ఆ రోజున పూలు పెడతారు. పారిస్ నగర చిహ్నంలో అలల మీద ఓడ ఉంటుంది. అలలకు ఊగుతుంది గానీ మునగదు అని దాని కింద లాటిన్‌లో రాసి ఉంటుంది. 2015 నవంబరులో ఆ మాటను రిపబ్లిక్ కూడలిలో గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాశారు. నేను మొదటి నెలలో ఆ కూడలికి వెళ్లినప్పుడు విగ్రహం చుట్టూ కొవ్వొత్తుల మైనం మరకలు ఇంకా ఉన్నాయి. పక్కనే పిల్లలు స్కేట్‌బోర్డులు తొక్కుతున్నారు.

అపోహ 2: అక్కడ ఎమర్జెన్సీ పెట్టారంటే మన 1975 లాంటిదే. కర్ఫ్యూలు, సెన్సారు, అరెస్టులు.

వాస్తవం: ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా అడిగింది అరవై దాటినవాళ్లు. ఎమర్జెన్సీ అన్న మాటకు వాళ్ల చెవిలో వేరే అర్థం ఉంది. ఫ్రాన్స్‌లో 2015 నవంబరులో ప్రకటించింది 1955 నాటి చట్టం కింది అత్యవసర స్థితి. దాన్ని ఆరుసార్లు పొడిగించి, 1 నవంబరు 2017న ఎత్తేశారు. అంటే నా మొదటి ఏడాది మొత్తం ఎమర్జెన్సీలోనే గడిచింది. పారిస్‌లో కర్ఫ్యూ లేదు. పత్రికల మీద సెన్సారు లేదు. రాత్రి పన్నెండు దాటాక చివరి మెట్రో పట్టుకుని ఇంటికి వచ్చిన రోజులు బోలెడు.

అలాగని అది పేరుకు మాత్రమే ఎమర్జెన్సీ అనుకోకూడదు. జడ్జి ముందస్తు అనుమతి లేకుండానే ఇళ్లు సోదా చేసే అధికారం వచ్చింది. ఆ రెండేళ్లలో అలాంటి సోదాలు నాలుగు వేలకు పైగా జరిగాయి. కొందరిని ఇల్లు, పేట దాటకుండా కట్టడి చేశారు. ఊరేగింపులు నిషేధించే వీలు కలిగింది. 2015 నవంబరు చివర పర్యావరణ సదస్సు ముందు జరగాల్సిన పెద్ద ప్రదర్శనకు అనుమతి ఇవ్వకపోతే, జనం తమకు బదులు తమ చెప్పులూ బూట్లూ తెచ్చి రిపబ్లిక్ కూడలి నిండా పరిచి వెళ్లారు. ఎమర్జెన్సీ పోయినా అందులోని కొన్ని అధికారాలు 2017 అక్టోబరు చట్టంతో మామూలు చట్టాల్లోకి చేరాయి. దాని మీద అక్కడ ఇప్పటికీ వాదన ఉంది. విద్యార్థి రోజువారీ బతుక్కి తగిలేది మాత్రం బ్యాగు తెరిచి చూపించడం, క్యూలో ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడటం. అంతే.

అపోహ 3: వీధుల్లో మిలిటరీ తిరుగుతోందంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే.

వాస్తవం: మర తుపాకులతో నలుగురు సైనికులు స్టేషన్‌లో ఎదురైతే గుండె ఝల్లుమనడం సహజం. ఇది 'సాంటినెల్' అనే కాపలా. 2015 జనవరి దాడుల తర్వాత పదివేల మంది సైనికులతో మొదలైంది. ఇక 'విజిపిరాట్' అనే భద్రతా ప్రణాళిక 1978 నుంచీ ఉంది. ఆఫీసుల గుమ్మాల మీద ఎర్రటి త్రికోణం గుర్తు దానిదే. హైదరాబాద్‌లో సినిమా హాలుకు వెళితే మెటల్ డిటెక్టర్ దాటి, జేబులు తడిమించుకుని లోపలికి పోతాం. ఆ వేళ మనకు ఏ భయమూ వేయదు. పారిస్‌లోనూ రెండు వారాలకు అంతే అవుతుంది.

అపోహ 4: మెట్రో ఎక్కకపోవడమే మంచిది. దిక్కులేని సంచి కనిపిస్తే అది బాంబే.

వాస్తవం: పారిస్ మెట్రోలో చెత్తబుట్ట అంటే ఇనుప రింగుకు వేలాడే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. లోపల ఏముందో బయటికి కనబడాలి. ఈ జాగ్రత్త 2015లో పుట్టలేదు. 1995 జులై 25న సెయింట్ మిషెల్ స్టేషన్‌లో రైల్లో బాంబు పేలి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాది వరస దాడుల నుంచి నేర్చుకున్న పాఠం అది. అనుమానాస్పద వస్తువు దొరికిందని రైళ్లు ఆపడం అక్కడ తరచూ వినే మాటే. చూడబోతే దాదాపు ఎప్పుడూ అది ఎవరో మరిచిపోయిన సంచే.

ఆ మరిచిపోయిన సంచి ఒకసారి నాది. దిగిన రోజున విమానాశ్రయం నుంచి గార్ దు నార్ స్టేషన్‌కు చేరాను. చేతిలో ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. ఒకదాని నిండా బట్టలు, రెండోదాంట్లో ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్. టికెట్ మెషిన్ దగ్గర జనం ఉన్నారు. రెండో పెట్టెను స్తంభం పక్కన పెట్టి వెళ్లాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో అయితే పక్కన ఉన్న పెద్దావిడకు "కాస్త చూస్తూ ఉండండి పిన్నిగారూ" అని చెప్పి వెళ్తాం కదా, అదే ధైర్యం. తిరిగొచ్చేసరికి పెట్టె చుట్టూ ఖాళీ. అటొక సైనికుడు, ఇటొక సైనికుడు, మధ్యలో రైల్వే ఉద్యోగిని ఫోన్‌లో మాట్లాడుతోంది. నాది నాదంటూ పరిగెత్తాను. అక్కడే తెరిపించారు. కుక్కర్ చూసి ఒకతని కనుబొమలు ముడిపడ్డాయి. ప్రెషర్ కుక్కర్లతో బాంబులు చేసిన చరిత్ర ఉందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మూత తీసి, లోపల దాచిన చింతపండు ఉండ చూపించాను. ఆ ఉద్యోగిని కోప్పడలేదు. మరో రెండు నిమిషాలైతే స్టేషన్‌లో ఈ భాగం ఖాళీ చేయించేవాళ్లమని చెప్పింది. పెట్టె చేతిలోంచి వదలకపోవడం, పేరు, ఫోన్ నంబరు ఉన్న చీటీ కట్టడం ఆ రోజే అలవాటైంది.

అపోహ 5: ఏదైనా జరిగితే ముందు తెలిసేది వాట్సాప్‌లోనే.

వాస్తవం: ముందు వచ్చేది కబురు. నిజం వెనకాల నడిచి వస్తుంది. 2015 నవంబరు 15న రిపబ్లిక్ కూడలిలో నివాళి అర్పిస్తున్న జనం ఏదో చప్పుడు విని పరుగులు తీశారు. కొవ్వొత్తులు కాళ్ల కింద నలిగాయి. అక్కడ కాల్పులేమీ జరగలేదు. నేను చేరిన కొత్తలోనే, 17 సెప్టెంబరు 2016 శనివారం, ఊరి నడిబొడ్డున సెయింట్ ల్యూ చర్చి దగ్గర దాడి జరుగుతోందని గగ్గోలు పుట్టింది. పోలీసులు చుట్టుముట్టారు. ప్రభుత్వ హెచ్చరిక యాప్ కూడా మోగింది. చివరికి అది కుర్రాళ్లు ఆకతాయితనంగా చేసిన ఫోన్ అని తేలింది. ఈలోగా మా కజిన్ల గ్రూపులో బందీల సంఖ్య కూడా వచ్చేసింది. అదే యాప్ అంతకు రెండు నెలల ముందు నీస్ దాడి వేళ గంటల ఆలస్యంగా మోగింది. 2018లో దాన్ని ఆపేశారు. 2022 నుంచి 'ఎఫ్ఆర్-అలర్ట్' వచ్చింది. యాప్ అక్కర్లేదు. ప్రమాదం ఉన్న ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ నేరుగా చేరుతుంది.

మనసులో పెట్టుకోవాల్సింది మూడు ముక్కల్లో ప్రభుత్వమే పోస్టర్లు అంటించి చెప్పింది: వీలుంటే తప్పించుకో, వీలు కాకపోతే దాక్కో, ఆ తర్వాత కబురు చెయ్యి. వరస ముఖ్యం. ముందు వీడియో తీయడం ఇందులో లేదు. పోలీసుకు 17, వైద్య సాయానికి 15, అగ్నిమాపక దళానికి 18, దేనికైనా 112. నోరు మెదపలేని చోట దాక్కుని ఉంటే 114కు ఎస్సెమ్మెస్ పంపవచ్చు. ఇంటికి ఒక్క మెసేజ్ చాలు: "బాగున్నాను, ఫోన్ చేయొద్దు." దాక్కున్నవాడి జేబులో ఫోన్ మోగడం కన్నా ప్రమాదం లేదు.

అపోహ 6: దాడులు చేసింది వలసవచ్చినవాళ్లు. అందుకే అక్కడివాళ్లు మనల్నీ అనుమానంగా చూస్తారు.

వాస్తవం: ఇందులో రెండు ముడులున్నాయి. మొదటిది: చార్లీ హెబ్డో మీద కాల్పులు జరిపిన సోదరులిద్దరూ పారిస్‌లో పుట్టినవాళ్లే. నవంబరు దాడుల్లో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్, బెల్జియం పౌరులు. చార్లీ హెబ్డో బయట నేలకొరిగిన పోలీసు అహ్మద్ మెరాబె ముస్లిం. రెండు రోజుల తర్వాత దాడికి గురైన యూదుల సరుకుల దుకాణంలో కొనుగోలుదార్లను కింది గదిలో దాచిన లసానా బాతిలీ మాలీ నుంచి వలసవచ్చిన ముస్లిం యువకుడు. ఆ నెలలోనే అతనికి ఫ్రెంచి పౌరసత్వం ఇచ్చారు.

రెండో ముడి అంత తేలిగ్గా విడదు. 2015లో ముస్లింలపై దాడులు, బెదిరింపులు అంతకు ముందు ఏడాది కంటే మూడింతలకు పైగా పెరిగాయని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. నల్లజాతివాళ్లుగానో అరబ్బులుగానో కనిపించే కుర్రాళ్లను పోలీసులు ఆపే అవకాశం మిగతావాళ్లకన్నా ఇరవై రెట్లు ఎక్కువని అక్కడి హక్కుల పరిరక్షణ సంస్థ 2017లో తేల్చింది. రంగు చూసి ఆపినందుకు ప్రభుత్వానిదే బాధ్యత అని 2016 నవంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. మన పిల్లల్నీ ఆపవచ్చు. నన్ను రెండుసార్లు ఆపారు. విదేశీయులు తమ నివాస పత్రం చూపించగలగాలి. కాబట్టి అది జేబులో ఉండాలి, గొంతులో వణుకు అక్కర్లేదు.

ఇక దుకాణంలో చిరాకుగా చూశారన్న ఫిర్యాదులో సగానికి కారణం వేరే ఉంది. మనం లోపలికి వెళ్లగానే నేరుగా ధర అడుగుతాం. అక్కడ ముందు "బోంజూర్" అనాలి. బస్సు డ్రైవరుకైనా, బ్రెడ్డు అమ్మే ఆవిడకైనా. అనకపోతే గుమ్మంలోకి వచ్చి పలకరించకుండా కూర్చున్న చుట్టంలా చూస్తారు. 2015 నవంబరు దాడుల రాత్రి అదే పారిస్‌వాళ్లు దారిలో చిక్కుకున్న ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం "తలుపు తెరిచే ఉంది" అని సోషల్ మీడియాలో కబురు పెట్టి ఇళ్లలోకి రానిచ్చారు.

అపోహ 7: శివారు పేటలు ప్రమాదం. ఎంతైనా పోసి నడి ఊళ్లోనే గది తీసుకోవాలి, అదీ ఇక్కడి నుంచే.

వాస్తవం: నవంబరు రాత్రి కాల్పులు జరిగిన కేఫులు ఉన్నది నగరంలోనే, కుర్రకారు కళకళలాడే పదో, పదకొండో వార్డుల్లో. శివారు అనగానే ఉగ్రవాదం అనుకోవడానికి ఈ లెక్కలో ఆధారం లేదు. ఉన్న ప్రమాదమల్లా ఈ భయాన్ని పెట్టుబడిగా పెట్టుకున్న మోసగాళ్లు.

మా బ్యాచ్‌లో గోదావరి జిల్లా అబ్బాయి ఒకడు. "సేఫ్ ఏరియా" అన్న ఒక్క మాట చూసి, ఊరి నుంచే రెండు నెలల అద్దె, డిపాజిట్ పంపేశాడు. ఫొటోలో కిటికీ, పూలకుండీ, ఐఫిల్ టవర్ కొస. వచ్చి చూస్తే ఆ నంబరుకు ఆ వీధిలో ఇల్లే లేదు. పెట్టెలు పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి నాకు ఫోన్ చేశాడు. పదకొండు రోజులు మా గదిలో నేల మీద పడుకున్నాడు. వాళ్ల నాన్నకు మాత్రం గది బాగుందనే చెప్పాడు. "చెబితే టెర్రరిస్టులకన్నా ముందు ఆయనే చంపుతాడు" అనేవాడు.

ఒప్పందం మీద సంతకాలు కాకముందు ఇంటి యజమాని డబ్బు అడగడం ఆ దేశంలో చట్టవిరుద్ధం. డిపాజిట్ సామాన్లు లేని ఇంటికి ఒక నెల అద్దె, సామాన్లతో ఇచ్చే ఇంటికి రెండు నెలల అద్దె దాటకూడదు. పూచీకత్తు ఇచ్చే బంధువులు లేరని బెంగపడక్కర్లేదు. ముప్పయి ఏళ్ల లోపువాళ్లకు 'విజాల్' అనే ఉచిత పూచీ ఉంది.

అపోహ 8: పరాయి దేశంలో ఏదైనా జరిగితే మన గోడు వినేవాళ్లు ఉండరు.

వాస్తవం: ఫ్రాన్స్ గడ్డ మీద ఉగ్రదాడిలో గాయపడినవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చే నిధి 1986 నుంచి ఉంది. ఏ దేశం పాస్‌పోర్టు అని చూడదు. ఆ నిధికి డబ్బు ఎక్కడిదంటే, ఆస్తి మీద తీసుకునే ప్రతి బీమా నుంచీ ఏటా కొన్ని యూరోలు వెళ్తాయి. అద్దెకుండేవాళ్లు ఇంటి బీమా తీసుకోవడం తప్పనిసరి కాబట్టి, గదిలో దిగిన మొదటి వారమే మనమూ ఆ నిధిలో చెయ్యి వేసినట్టే. నా బీమా కాగితంలో ఆ చిన్న పద్దు చూసిన రోజున ఆ ఊరు నాకూ కాస్త సొంతమైనట్టు అనిపించింది.

మనవాళ్లు లేరన్నదీ నిజం కాదు. గార్ దు నార్ వెనక లా షపెల్ పేటలో ఈలం తమిళుల దుకాణాల్లో కరివేపాకు, మునక్కాడ, చింతపండు దొరుకుతాయి. అక్కడి వినాయకుడి గుడి వాళ్లు ఏటా వేసవి చివర రథం ఊరేగిస్తారు. నడిరోడ్డు మీద గుట్టలు పోసి కొబ్బరికాయలు కొడతారు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్నదే. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ పిల్లలకన్నా చాలా ముందే తెలుగు ఆ దేశం చేరింది.

అపోహ 9: అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఉగ్రవాదమే.

వాస్తవం: అంతగా వణికించిన 2015లో జనవరి, నవంబరు దాడులు కలిపి 147 మందిని బలిగొన్నాయి. అదే ఏడాది ఫ్రాన్స్ రోడ్ల మీద 3,400కు పైగా చనిపోయారు. మన దేశపు రోడ్ల మీద 1.46 లక్షల మంది. పోయినవాళ్ల ఇంట్లో ఈ పోలికకు విలువ లేదు, ఉండకూడదు. పిల్లను పంపాలా వద్దా అని తేల్చుకునే ఇంట్లో మాత్రం దీనికి విలువుంది. హెల్మెట్ లేకుండా కొడుకును బండి మీద పాల ప్యాకెట్‌కు పంపి, పారిస్ మెట్రో గురించి నిద్ర మానుకోవడంలో లెక్క ఎక్కడో తప్పింది.

నేను చూసినంతలో కొత్తగా వెళ్లినవాళ్లను నిజంగా కుంగదీసినవి నాలుగే. చూడని గదికి ముందే పంపిన డబ్బు, మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో చేతిలోంచి ఎగిరిపోయిన ఫోన్, గడువు దాటిన వీసా కాగితం, గదిలో ఒంటరితనం. నాలుగోది చాలాసార్లు ఇంట్లోవాళ్లు నూరిపోసిన భయం వల్లే వచ్చింది. బయటికి వెళ్లొద్దు, ఎవరితో మాట్లాడొద్దు అని రోజూ విన్న పిల్ల ఆ మాటే పాటిస్తుంది. ఊరు ఎప్పటికీ తెలియని ఊరుగానే మిగిలిపోతుంది.

కాబట్టి పిల్లలు ఫ్రాన్స్‌లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మనవి. రాత్రి ఫోన్‌లో "అక్కడ ఏమీ గొడవల్లేవు కదా?" అని అడగడం తప్పు కాదు. ఆ ఒక్కటే అడిగి పెట్టేయకండి. వీసాను దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేయించావా అని అడగండి. ఇంటి బీమా తీసుకున్నావా, ఆరోగ్య బీమాకు పేరు నమోదు చేసుకున్నావా, 112 ఫోన్‌లో పెట్టుకున్నావా అని అడగండి. చివరగా, ఈ ఆదివారం ఎవరితో కలిసి భోంచేశావని అడగండి. ఆ జవాబులో ఒక మనిషి పేరు వినిపిస్తే ఇక నిశ్చింతగా పడుకోవచ్చు.